ఊడిన పన్నును రుమాల్లో చుట్టకండి

విశాఖ బీచ్ రోడ్డులో బంతి తగిలో, స్కేటింగ్ చేస్తూ బోర్లా పడో పిల్లాడి ముందు పన్ను వేరుతో సహా ఊడి వస్తుంది. పక్కనున్న పెద్దవాళ్లు దాన్ని బాగా రుద్ది కడిగి, రుమాల్లో చుట్టి జేబులో వేసుకుంటారు. దెబ్బకి బతికిన పన్ను చాలాసార్లు ఈ జాగ్రత్తకే చస్తుంది.

వేరు చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. పన్నును ఎముకలో నిలబెట్టేది అదే. గాలికి ఆరితే అరగంటలో అందులోని కణాలు చాలావరకు పోతాయి, గంట దాటితే దాదాపు ఏమీ మిగలవు. ఆ తర్వాత పెట్టించినా పన్ను ఎముకకే అతుక్కుపోయి, ఏళ్లు గడిచేకొద్దీ వేరు కరిగిపోతుంది.

అందుకే తెల్లటి భాగమే పట్టుకోండి, వేరు ముట్టుకోవద్దు. ఇసుక అంటితే చల్లటి పాలతో గానీ సెలైన్‌తో గానీ ఒకసారి జాడించండి. అవి లేకపోతే కుళాయి కింద పది సెకన్లు, అంతే. ఎదురుగా ఉంది కదా అని సముద్రపు నీళ్లలో ముంచకండి. సెలైన్‌లో ఉప్పు 0.9 శాతం, సముద్రంలో సుమారు 3.5 శాతం, కణాల్లోని తడంతా లాగేస్తుంది. మంచినీళ్లలో నానబెడితే కణాలు ఉబ్బి పగులుతాయి.

పిల్లాడు తెలివిగా, స్థిమితంగా ఉంటే అక్కడికక్కడే పన్ను ఊడిన గుంటలో పెట్టేయడం అన్నిటికంటే మేలు. పన్ను ఉబ్బెత్తు వైపు పెదవికి, లోపలికి వంగిన వైపు నాలుకకి. పక్క పన్నుతో సమానమయ్యేదాకా మెల్లగా నొక్కి, మడతపెట్టిన గుడ్డ కొరికించండి. కొంచెం వంకరగా కూర్చున్నా ఫర్వాలేదు, డాక్టరు సరిచేస్తారు.

ధైర్యం చాలకపోతే పన్నును వేసి తీసుకెళ్లడానికి టీ కొట్టులో పాలు అడగండి. పొయ్యి మీద మరిగేవి కాదు, ప్యాకెట్లోవి. మజ్జిగ, బాదం పాలు పనికిరావు. కొబ్బరి నీళ్లకి ఆమ్లగుణం ఉంది, పాలు దొరికితే వాటి జోలికెళ్లొద్దు. ఏదీ లేకపోతే చిన్న గ్లాసులో పిల్లాడి చేతే ఉమ్మించి, అందులో వేయండి.

ఇదంతా శాశ్వత దంతాలకే. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద ఎదుగుతున్న పన్ను దెబ్బతింటుంది. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఏ పన్నో తేల్చుకోలేకపోతే పాలలో వేసి తీసుకెళ్లండి.

డాక్టరు సన్నటి తీగతో పక్క పళ్లకి కట్టి రెండు వారాలు ఉంచుతారు, టెటనస్ టీకా సంగతి అడుగుతారు. వేరు పూర్తిగా ఎదిగి ఉంటే ఆ రెండు వారాల్లోపే రూట్ కెనాల్ (పన్ను లోపలి నరం తీసి శుభ్రం చేసే చికిత్స) మొదలెట్టాలి. ఈలోగా మెత్తటి అన్నం, ఇడ్లీ పెట్టండి, చేగోడీలు దాచేయండి. ఆదివారం సాయంత్రమైతే ఏ క్లినిక్ తెరిచి ఉందో ఫోన్ చేసి కనుక్కునే బయల్దేరండి. వాంతులు, మగత కనిపిస్తే మాత్రం పన్నును పాలలో వేసి పట్టుకుని, ముందు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకే వెళ్లండి.