టీఎంసీలో ఎన్ని సున్నాలు?

మా విజయవాడ పిల్లలకు సంఖ్యల ప్రామాణిక రూపం, అంటే పెద్ద, చిన్న సంఖ్యలను 10 ఘాతాలతో కుదించి రాసే పద్ధతి, చెప్పాలంటే నేను కృష్ణ నీళ్లతోనే మొదలుపెడతాను. పేపర్లో తరచూ కనిపించే టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, 10⁹, అంటే 1 పక్కన 9 సున్నాలు. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అంటే సెకనుకు 1.1 × 10⁶ ఘనపుటడుగులు. మరి ఒక టీఎంసీ వెళ్లడానికి ఎంతసేపు? 10⁹ని 1.1 × 10⁶తో భాగించాలి. ఘాతాల్లో 9లోంచి 6 తీసేస్తే 10³, దాన్ని 1.1తో భాగిస్తే దాదాపు 909 సెకన్లు. పావుగంట! సున్నాలు లెక్కపెట్టే టెన్షనే లేదు.

అదే నీటిలో ఒక్క అణువు ద్రవ్యరాశి సుమారు 3 × 10⁻²⁶ కిలోలు. ఇక్కడ మైనస్ చూసి రుణసంఖ్య అనుకునే పిల్లలుంటారు. కాదు, దశాంశ బిందువు 26 స్థానాలు ఎడమకు జరుగుతుంది, అంతే. దీన్ని బట్టీ పట్టించడం నాకు అస్సలు నచ్చదు. ఒకసారి ఆ సున్నాలన్నీ చేత్తో రాయించండి.