నాన్న మైక్రోమీటర్ మళ్లీ తిరిగింది

మా నాన్న ముప్పై ఏళ్లు బాలానగర్‌లో లేత్ మీద టర్నర్‌గా చేశారు. రిటైరై ఇంటికొచ్చేటప్పుడు తెచ్చుకున్న సామానులో ఒక మైక్రోమీటర్ ఉంది, జపాన్ కంపెనీ మిటుటోయోది, సున్నా నుంచి 25 మిల్లీమీటర్ల దాకా కొలిచేది. మనం బళ్లో స్క్రూగేజి అని చదువుకున్నామే, అదే. 1987లో రాణిగంజ్‌లో కొన్నారట, అప్పుడు ఒక నెల జీతం దాదాపు దానికే పోయిందని అమ్మ ఇప్పటికీ అంటుంది. పదకొండేళ్లుగా బీరువాలోనే ఉంది. మొన్న వానాకాలంలో పెట్టె తెరిస్తే లోపలి స్పాంజ్ పొడి పొడిగా రాలి పరికరానికి అంటుకుపోయి ఉంది, తిప్పే గొట్టం, అదే థింబుల్, ఎంత తిప్పినా కదల్లేదు.

తుప్పు పట్టిందనుకుని తుప్పు వదిలించే స్ప్రే తేబోయాను. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని, స్పిండిల్‌ను (థింబుల్ తిప్పితే కదిలే కడ్డీని) కాస్త వెలుతురులో పట్టి చూసి, "తుప్పు కాదురా, పాత నూనె బంకైపోయింది, దాని మీద ఇంకో నూనె పోస్తే ఇంకో బంక" అన్నారు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది, ఎందుకంటే రెండేళ్ల కింద ఆయన డయల్ గేజ్‌కి (చిన్న చిన్న తేడాలని గడియారంలా ముల్లుతో చూపే పరికరానికి) నేను చేసింది సరిగ్గా అదే. దాని ప్లంజర్, అంటే లోపలికీ బయటికీ ఆడే పుల్ల, కాస్త పట్టుకున్నట్టు ఉందని దాని మీద నూనె వేశాను, నాలుగు రోజులు బాగా ఆడింది, తర్వాత ఆ నూనె దుమ్మునంతా పట్టుకుంది, ముల్లు ఎక్కడికి పోయిందో అక్కడే నిలబడిపోవడం మొదలైంది. డయల్ గేజ్ ప్లంజర్‌ని శుభ్రంగా తుడిచి పొడిగానే వదిలెయ్యాలి, నూనె అసలు వెయ్యకూడదు. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు, ఆ గేజ్ గురించి ఇప్పటికీ బాధగానే ఉంది.

అందుకే ఈసారి తొందరపడలేదు. పెయింట్ షాపులో టర్పెంటైన్, మొబైల్ రిపేర్ సామాను అమ్మే చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చాను. ముందు స్పిండిల్‌ని కదలకుండా పట్టే లాక్ వదులుగా ఉందో లేదో చూసుకుని, థింబుల్ కిందకి రెండు చుక్కల టర్పెంటైన్ దిగేలా చేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే రెండు వేళ్లతో పట్టుకుంటే పావు చుట్టు తిరిగింది. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి, ప్లయర్‌తో పట్టుకునే ఆలోచన వచ్చినా ఆపుకున్నాను. గంట తర్వాత 25 దాటి పూర్తిగా బయటికి వచ్చేసింది, స్పిండిల్, థింబుల్ రెండూ ఒకే ముక్కగా.

ఆ మర మీద ఉన్న మురికి చూడాలి మీరు, తేనె రంగులో, గోటితో గీస్తే పొరలా లేచేలా ఉంది. ఈ మరకి ఒక చుట్టుకి అర మిల్లీమీటర్, థింబుల్ మీద 50 గీతలు, అంటే ఒక గీత మిల్లీమీటర్‌లో వందో వంతు. అలాంటి మర మధ్యలో పొర ఉంటే కొలత గురించి మాట్లాడటమే దండగ. స్టీల్ గ్లాసులో టర్పెంటైన్ పోసి మర వరకే మునిగేలా నిలబెట్టాను, థింబుల్ మునగనివ్వలేదు. దాని చివర రాచెట్ (ఎక్కువ బిగుసుకోకుండా టిక్కుమని జారే పిడి) ఉంటుంది, అందులో గ్రీజు ఉంటుంది, అది కరిగిపోతే ఇంకో తలనొప్పి. అరగంట తర్వాత మెత్తటి టూత్‌బ్రష్‌తో మర వెంట తోమాను. లోపలి మరకి చీపురుపుల్లకి దూది చుట్టి, నాలుగైదు పుల్లలు మార్చి, చివరి దూది తెల్లగా వచ్చేదాకా. ఆఖర్న ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచాను. అంకెల జోలికి మాత్రం వెళ్లలేదు, గీతల్లో నింపిన నల్లరంగు పోతే మళ్లీ రాదు. ఎమెరీ పేపర్ అయితే ఇంట్లోనే లేకుండా చేశాను, వస్తువుని మధ్యలో పట్టి కొలిచే రెండు ముఖాలకి అది తగిలితే పరికరం పోయినట్టే.

మళ్లీ బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పాలి, టిక్ అని చిన్నగా దిగినట్టు తెలుస్తుంది, అప్పుడు ముందుకి తిప్పాలి. మర మీద కుట్టుమిషన్ నూనె ఒకే ఒక్క చుక్క వేసి, చివరి నుంచి చివరికి నడిపి, బయటికి వచ్చింది తుడిచేశాను.

ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. బంక పోయేసరికి స్పిండిల్ ముందుకీ వెనక్కీ కాస్త ఆడుతోంది, ఇన్నాళ్లూ ఆ బంకే ఈ వదులుని, అంటే ప్లేని, దాచింది. లోపల స్లీవ్ (థింబుల్ కింద ఉండే గీతల గొట్టం) చివర చీలిక ఉన్న మర మీద ఒక నట్ ఉంటుంది, దాన్ని కీతో వెంట్రుకవాసి బిగిస్తే ప్లే పోతుంది. బిగించాను, రెండు చివర్లా హాయిగా తిరిగింది. కానీ 10 నుంచి 13 మిల్లీమీటర్ల మధ్యలో కొంచెం వదులు మిగిలింది. అక్కడికి సరిపోయేలా బిగిస్తే చివర్లు పట్టేస్తున్నాయి. నాన్నని అడిగితే, "ఎక్కువ 12 ఎంఎం పిన్నులేరా చేసింది, షిఫ్టుకి వందలు" అన్నారు. ఆ చోట మరే అరిగింది. చివర్లకి సరిపోయేలా పెట్టి వదిలేశాను.

సున్నా చూడటానికి ముఖాల మధ్య శుభ్రమైన తెల్లకాగితం పెట్టి, మెల్లగా మూసి, కాగితాన్ని లాగేశాను, కనపడని పీచు కూడా దాంతో పోతుంది. తర్వాత రాచెట్ మూడుసార్లు టిక్కుమనేలా మూశాను. ఒక గీత తేడా వచ్చింది, స్లీవ్‌ని సి-స్పానర్‌తో కొద్దిగా తిప్పి సరిచేశాను.

స్నేహితుడి టూల్ రూమ్ నుంచి స్లిప్ గేజ్‌లు (కచ్చితమైన మందానికి చేసిన దిమ్మెలు) ఒక్క రోజుకి తెచ్చుకున్నాను. 5, 10, 15 అని గుండ్రటి కొలతలు మాత్రమే చూస్తే లాభం లేదు, ప్రతిసారీ థింబుల్ ఒకే గీత దగ్గర ఆగుతుంది. 5.1, 7.7, 10.3, 12.9 పెడితే ఒక్కొక్కటి చుట్టులో ఒక్కో చోట పడుతుంది, చుట్టులో తప్పుంటే దొరుకుతుంది. గేజ్‌లూ మైక్రోమీటర్ రాత్రంతా ఒకే బల్ల మీద ఉంచి, తెల్లవారుజామున చూశాను. ఈ కొలతలన్నిటికీ లెక్క 20 డిగ్రీలకి, మన హైదరాబాద్‌లో అది దొరకడం కష్టం, కనీసం రెండూ ఒకే వేడిలో ఉంటే చాలావరకు సరిపోతుంది. చేత్తో ఫ్రేమ్ పట్టుకుని కూర్చుంటే ఒంటి వేడికే అది సాగుతుంది, అందుకే స్టాండ్‌లో పెట్టాను. అన్నీ ఒక గీత లోపలే వచ్చాయి. అందులో ఎక్కువ తేడా 10.3, 12.9 దగ్గరే, అదీ అర గీతకి కాస్త తక్కువే.

పాత స్పాంజ్ పారేసి, పెట్టెలో మెత్తటి నూలుగుడ్డ, ఒక సిలికా జెల్ పొట్లం పెట్టాను. ముఖాలు పూర్తిగా మూయకుండా ఒక మిల్లీమీటర్ ఎడం వదిలాను. మూత వేయబోతుంటే నాన్న ఆగమన్నారు, లోపలికి వెళ్లి తన పాత డబ్బాలోంచి ఒక 12 ఎంఎం పిన్ను తెచ్చి, అద్దాలు పెట్టుకుని, కిటికీ దగ్గర నిలబడి కొలిచారు. "సరిగ్గా ఉందిరా" అన్నారు. పిన్ను తిప్పి ఇంకో చోట మళ్లీ కొలిచారు.