పిడుగురాళ్ల బట్టీలో డెల్టా జీ

మన గుంటూరు కాలేజీలో ఇంటర్ చదివిన ఎవరిని నిద్రలేపి అడిగినా 'డెల్టా జీ అంటే డెల్టా హెచ్ మైనస్ టీ డెల్టా ఎస్' అని అప్పజెప్పేస్తారు. డెల్టా హెచ్ అంటే ఎంథాల్పీ (చర్యలో ఇచ్చిపుచ్చుకునే వేడి) మార్పు, డెల్టా ఎస్ అంటే ఎంట్రోపీ (చెల్లాచెదురుతనం) మార్పు, టీ అంటే కెల్విన్లలో ఉష్ణోగ్రత. డెల్టా జీ రుణాత్మకమైతే చర్య దానంతటదే సాగుతుంది. అందులో టీ ఏం చేస్తుందో మాత్రం చాలామందికి అంతుపట్టదు. వేడి పెంచితే ఏ చర్య అయినా జరిగి తీరుతుందని అనుకుంటారు. టీ గుణించేది ఎంట్రోపీ మార్పును. ఎంథాల్పీ, ఎంట్రోపీ మార్పులు రెండూ ఒకే గుర్తుతో ఉంటేనే, చర్య అయత్నీకృతమా (దానంతటదే సాగేదా) కాదా అన్నది ఉష్ణోగ్రతను బట్టి తేలుతుంది.

మాచర్ల రైలెక్కితే దారిలో వచ్చే పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో జరిగేది ఇదే. సున్నపురాయి సున్నంగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోవాలంటే మోలుకు సుమారు 178 కిలోజౌళ్లు కావాలి. ఎంట్రోపీ మోలుకు సుమారు 160 జౌల్/కెల్విన్ పెరుగుతుంది. డెల్టా జీ సున్నా అయ్యే ఉష్ణోగ్రత కోసం మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఇంచుమించు 1110 కెల్విన్, అంటే 840 డిగ్రీల సెల్సియస్. కిలోజౌళ్లను జౌళ్లలోకి మార్చకుండా భాగించి 1.1 కెల్విన్ అని రాసే పేపర్లు దిద్దేవాళ్లకు కొత్తేమీ కాదు!

ఆ 840 కూడా కార్బన్ డయాక్సైడ్ పీడనం ఒక అట్మాస్ఫియర్ ఉన్నప్పటి లెక్క. గాలి బాగా లాగి ఆ వాయువును తీసుకుపోతుంటే అంతకన్నా తక్కువ వేడిలోనూ రాయి విడిపోతుంది, కాకపోతే నెమ్మదిగా. పైగా వేడి రాయి నడిమధ్యకు చేరాలి, అందుకే బట్టీని 900 దాటిస్తారు. రాళ్లు మరీ పెద్దవైతే పైన సున్నం, లోపల పచ్చిరాయి. తూకంతో తెలిసిపోతుంది: 100 కిలోల స్వచ్ఛమైన రాయికి 56 కిలోల సున్నం రావాలి. 70 వచ్చిందంటే ఇంకా 32 కిలోల రాయి కాలలేదన్నమాట.

కాలిన సున్నానికి నీళ్లు కలిపినప్పుడు ఎంథాల్పీ, ఎంట్రోపీ మార్పుల గుర్తులు రెండూ రుణాత్మకం. మోలుకు 65 కిలోజౌళ్ల వేడి వస్తుంది, చల్లటి నీళ్లలోనే చర్య దానంతటదే సాగుతుంది. 500 డిగ్రీలు దాటితే అదే తడిసున్నం నీటిని వదిలేస్తుంది. సున్నం మీద నీళ్లు గుమ్మరించకూడదు, నీళ్లలోనే సున్నాన్ని కొద్దికొద్దిగా వేయాలి. చిమ్మితే కళ్లు పోతాయి.

ఇక అతిగా కాలిన సున్నం. దాని రంధ్రాలు మూసుకుపోయి నీళ్లు లోపలికి దిగవు. డెల్టా జీ దాదాపు అంతే ఉంటుంది, పడిపోయేది వేగం. చర్య జరుగుతుందా అన్నది ఒక ప్రశ్న, ఎప్పటికి జరుగుతుందన్నది ఇంకొకటి. పూత పూశాక ఆ గడ్డలు తీరిగ్గా నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, గోడ మీద పెచ్చులు లేస్తాయి. కాబట్టి అలాంటి సున్నాన్ని రోజుల తరబడి నానబెట్టి, జల్లించాకే గోడకు వాడాలి.