ఓబ్రియన్ల ఊళ్లలో ఒక శనివారం

ఐర్లండ్‌లోని లిమరిక్‌లో నాతో పనిచేసే ఒకావిడ ఇంటిపేరు ఓబ్రియన్. మనలో చాలా ఇంటిపేర్లు ఊళ్ల నుంచి వచ్చినవే కాబట్టి, ఇదీ ఏదో ఊరి పేరే అనుకున్నాను. ఒకరోజు లంచ్‌లో అడిగితే, "ఊరు కాదు, మనిషి. శనివారం రా, ఆయన చోటు చూపిస్తాను" అన్నారు.

సన్నటి జల్లులో కారులో బయల్దేరాం. షానన్ నది సరస్సులోంచి బయటికొచ్చే చోట ఉంది కిల్లలూ. వంతెనకు ఇవతల క్లేర్ కౌంటీ, అవతల టిప్పరరీ. ఊరికి కాస్త ఉత్తరాన, నీటి ఒడ్డున బేల్ బోరు. కోట అన్నారు కదా అని గోడల కోసం వెతికాను. గోడల్లేవు. చుట్టూ గుండ్రంగా, మనిషెత్తు దాటిన మట్టికట్ట. దాని మీద, లోపలా చెట్లు. తడిసిన ఆకుల మీద నడుస్తుంటే మా అడుగుల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఆవిడ చెప్పిన ఆ మనిషి బ్రియన్ బోరు అనే రాజు. ఆ పేరులోని 'బోరు' ఈ చోటు నుంచే వచ్చిందంటారు.

బ్రియన్ దాల్ గాష్ అనే చిన్న వంశంలో పుట్టినవాడు. 1002లో ఐర్లండ్ మొత్తానికి రాజయ్యాడు. 1014 ఏప్రిల్ 23న, గుడ్ ఫ్రైడే రోజు, డబ్లిన్ దగ్గర క్లోన్‌టార్ఫ్ యుద్ధంలో అతని సైన్యం గెలిచింది కానీ, డెబ్బై దాటిన ఆ ముసలి రాజు ప్రాణాలతో మిగల్లేదు. కొడుకు, ఒక మనవడు కూడా అదే రోజు పోయారు. ఆ కట్ట మీద నిలబడి ఇదంతా వింటుంటే నాకు గెలుపు సంగతి తలకెక్కలేదు. ఒక్క రోజులో మూడు తరాలు పోయిన ఇల్లే కళ్ల ముందు మెదిలింది.

మిగిలిన మనవళ్లలో టర్లో అనే అతను మళ్లీ రాజ్యం నిలబెట్టి 1086లో చనిపోయాడు. ఇంటిపేరు అసలు కథ ఇక్కడుంది. ఐర్లండ్ సొంత భాష గేలిక్‌లో 'మాక్' అంటే కొడుకు, 'ఓ' అంటే మనవడు. టర్లో నిజంగానే 'ఓ బ్రియన్', అంటే బ్రియన్ మనవడు. తర్వాత ముని మనవళ్లూ, వాళ్ల పిల్లలూ అదే పేరు పెట్టుకోవడంతో 'ఓ' అంటే వంశం వాడు అనే అర్థం స్థిరపడిపోయింది. ఇంటిపేర్లు పెట్టుకోమని బ్రియనే ఆజ్ఞ వేశాడని ఒక కథ ఉంది. కానీ గాల్వే వైపు 'ఓ క్లేరీ' అనే వంశపు నాయకుడి మరణం 916 నాటికే రాతల్లో కనిపిస్తుంది. అప్పటికి బ్రియన్ పుట్టనే లేదు.

మధ్యాహ్నానికి బరెన్ ప్రాంతానికి వెళ్లాం. కనుచూపు మేర బూడిదరంగు సున్నపురాయి. అందులో కార్కమ్‌రో మఠం. పైకప్పు సగం పోయింది. గోడలో ఒక గూడు, అందులో రాతి మనిషి పడుకుని ఉన్నాడు. తల మీద కిరీటం, ఒంటి మీద మడతలు పడ్డ పొడవాటి అంగీ. 1268లో యుద్ధంలో చనిపోయిన రాజు కానర్ ఓబ్రియన్ అట. ఆవిడ వంగి ఆ కాలి దగ్గర పడ్డ ఎండుటాకులు తీసేశారు. మా నాయనమ్మ సమాధి దగ్గర మా నాన్న చేసే పనే అది. నేనూ రెండు ఆకులు తీశాను.

1543లో ముర్రో ఓబ్రియన్ ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి లొంగిపోయి, పాత రాజరికం వదిలేసి, ఎర్ల్ ఆఫ్ థామండ్ అనే బిరుదు తీసుకున్నాడు. తర్వాతి శతాబ్దాల్లో ఇంగ్లిష్ పాలనలో చాలా కుటుంబాలు 'ఓ' వదిలేసి వట్టి బ్రియన్లుగా మిగిలాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర గేలిక్ భాష మీద మళ్లీ ప్రేమ పెరిగాక ఎంతోమంది దాన్ని తిరిగి తెచ్చుకున్నారు. పోగొట్టుకున్న ఒక్క అక్షరం కోసం వెనక్కి వెళ్లినవాళ్లంటే నాకు చాలా గౌరవం కలిగింది.

తిరుగు దారిలో ఆవిడ ఇంకో మాట చెప్పారు. గేలిక్‌లో ఆడపిల్ల 'ఓ' కాదు, 'నీ వ్రియన్'. ఆ ఇంటి కోడలైతే 'ఈ వ్రియన్'. పేరు వింటే చాలు, కూతురో కోడలో తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి అందరూ ఓబ్రియన్లే. పెళ్లయ్యాక నా ఇంటిపేరు ఒక కాగితంలో పుట్టింటిది, ఇంకో కాగితంలో అత్తింటిది పడి, ఒక ఆఫీసులో రెండు నెలలు తిప్పించుకున్న టెన్షన్ గుర్తొచ్చింది. పుట్టినిల్లూ మెట్టినిల్లూ రెండూ పలికే పేరు ఉంటే ఎంత బాగుండేది!

పెట్రోల్ బంక్ దగ్గర ఆగినప్పుడు తన పేరు తెలుగులో రాయమన్నారు. బిల్లు వెనక రాసిచ్చాను. మొదటి అక్షరం మీద వేలు పెట్టి, "మా ఓ మీద ఒక గీత ఉంటుంది, ఫాదా అంటాం. పొడవు అని అర్థం. ఇంగ్లిష్ వాళ్లు తీసేసి పక్కన కామా లాంటిది పెట్టారు. మీ దాంట్లో అది ఏది?" అని అడిగారు. పక్కన 'ఒ' రాసి, తర్వాత 'ఓ' రాసి, పైన తిరిగిన కొమ్ము చూపించి, "మేం దీర్ఘం అంటాం" అన్నాను.

"అయితే మా అమ్మాయి పేరుకీ రాయి" అన్నారు. రాశాను, 'నీ' అని. దానికీ దీర్ఘం ఉంది.