మా ఇంట్లో మూడు ఓట్లు

2020 మార్చి 3, మంగళవారం. అమెరికాలో నేను వేసిన మొదటి ఓటు, అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో. మాసచూసెట్స్ పోలింగ్ బూత్‌లో ముందు వీధి, ఇంటి నంబరు అడుగుతారు, తర్వాతే పేరు. ఇరవై ఏళ్లుగా నా ఇంటిపేరుతో ఈ దేశం పడుతున్న పాట్లు ఎరిగినదాన్ని కాబట్టి ఆ పద్ధతి నాకు తెగ నచ్చింది. డెమోక్రాట్ల బ్యాలెట్ అడిగి తీసుకుని, ఒకప్పటి టీచరు, మా రాష్ట్ర సెనేటర్ ఎలిజబెత్ వారెన్ పేరు పక్కనున్న గడిని రెండుసార్లు దిద్దాను.

మా ఆయన మధ్యేవాది బైడెన్‌కు వేశారు. కాలేజీలో ఉన్న అబ్బాయి ఉదారవాదులు మెచ్చే శాండర్స్‌కు వేశాడు.

అంతకు అయిదు నెలల ముందు వారెన్ కొన్ని సర్వేల్లో బైడెన్‌ను దాటేసింది. అక్టోబరు 15న ఒహాయోలో చర్చ జరిగిన రాత్రి, రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ నా పక్కనే సోఫాలో కూర్చుంది. అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇస్తే మధ్యతరగతి మీద పన్ను పెరుగుతుందా అని వారెన్‌ను అడిగారు. మొత్తం ఖర్చు తగ్గుతుందని చెప్పింది. మళ్లీ అడిగితే మళ్లీ అదే. శాండర్స్ మాత్రం పెరుగుతుందని ఒప్పేసుకున్నాడు. మా అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "ఇంతకీ ఆ టీచరమ్మ పన్ను పెంచుతానందా, పెంచనందా?" అంది. నా అనువాదంలోనే లోపమనుకుంది పాపం.

నవంబరు 1న వారెన్ లెక్క బయటపెట్టింది: పదేళ్లలో 20.5 లక్షల కోట్ల డాలర్ల అదనపు ఖర్చు, మధ్యతరగతి మీద పైసా పన్ను లేదు. మధ్యేవాదులు ఆ లెక్క నమ్మలేదు. సరిగ్గా రెండు వారాలకు, ముందు కావాలనుకున్నవాళ్లకు మాత్రమే ప్రభుత్వ బీమా, అందరికీ ఇచ్చే బిల్లు తను గెలిచాక మూడో ఏడాదిలోగా అంది. ఈసారి ఉదారవాదులు మొహం చిట్లించారు. "జారిపోయింది చూశావా" అని మా వాడు ఫోను చేసి మరీ చెప్పాడు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం.

నాకు వింతగా తోచింది మా ఆయన వైఖరి. 2002లో ఉద్యోగం పోయినప్పుడు, బీమా నిలబెట్టుకోవడానికి కంపెనీ వాటా కూడా మేమే కట్టాం. నెలకు 600 డాలర్ల పైచిలుకు. రెండేళ్ల పిల్లవాడికి చెవిపోటు, ఇంట్లో జీతం లేదు. ఆ చెక్కులు రాసింది ఆయనే. అలాంటి మనిషి ప్రభుత్వ బీమా అనగానే ఎగిరి గంతేయాలి కదా! "ఇప్పుడున్న బీమా కార్డు లాక్కుని ఇంకోటి ఇస్తామంటే, ఆ మధ్యలో ఏమవుతుందో నాకు తెలుసు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. వారెన్ దగ్గరా ఉన్నట్టు లేదు.

బైడెన్ మా రాష్ట్రంలో ప్రచారానికే రాలేదు, అయినా 33 శాతంతో గెలిచాడు. శాండర్స్‌ది రెండో స్థానం. సొంత రాష్ట్రంలో వారెన్‌కు దక్కింది 21 శాతం, మూడో స్థానం. మా ఇంట్లో మాత్రం ముగ్గురూ సమానం.

గురువారం వారెన్ కేంబ్రిడ్జిలో తన ఇంటి ముందు నిలబడి తప్పుకుంటున్నానని చెప్పింది. ఉన్నవి రెండే దారులని, ఒకటి శాండర్స్‌ది, ఒకటి బైడెన్‌దని, మూడోవాళ్లకు చోటు లేదని మొదట్లోనే చెప్పారట. తను నమ్మలేదట. సాయంత్రం వంటింట్లో ఆ వీడియో చూస్తుంటే మా ఆయన వచ్చి వెనక నిలబడ్డారు. ఆయన ఓటేసిన మనిషి గెలిచిన వారమది. ఒక్క మాట అనకుండా పొయ్యి మీద చారు దించి, మంట ఆపి వెళ్లారు.