గోడ మీద ఎర్ర చుక్క

మా చిత్రకారుల సహకార సంఘం ప్రదర్శన నిన్నటితో అయిపోయింది. బొమ్మ వేయడం కన్నా తగిలించడమే కష్టమని ఈసారి తెలిసొచ్చింది. బొమ్మ నడిమి భాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తున, చూపుకి సూటిగా ఉండాలట. టేపు ఒకరు, మేకు ఒకరు, దూరం నుంచి "కొంచెం ఎడమకి" అని అరిచేవాళ్లు నలుగురు!

లినోకట్ ప్రింట్ (లినోలియం పలక చెక్కి, రంగు పూసి కాగితం మీద అచ్చొత్తిన బొమ్మ) కింద పెన్సిల్‌తో 3/20 అని చూసి, "ఇరవైకి మూడు మార్కులేనా?" అన్నాడో పిల్లాడు. ఇరవై ప్రతుల్లో మూడోదిరా అన్నాను. నమ్మినట్టు లేదు.

నా నీటిరంగుల బొమ్మ ఒక్కటీ పోలేదు. పక్కన కుండలు పెట్టినావిడకి మాత్రం అమ్ముడుపోయినట్టు ఎర్ర చుక్కలు వరసగా. కుళ్లుకున్నాను, దాచడమెందుకు. సర్దుకునేటప్పుడు ఆవిడే నా బొమ్మ ముందు ఆగి, "ఈ నీడ ఎలా తెచ్చారండీ?" అని అడిగారు.