ముంజేతి గాజులు

మద్రాసు జార్జ్‌టౌన్‌లో, 1989లో, నేను తొమ్మిదో తరగతి. కొత్వాల్ చావిడి బండ్ల చప్పుడు మా తరగతి గదిలోకి వినిపించేది. 1996లో ఆ కూరగాయల మార్కెట్ కోయంబేడుకు తరలిపోయింది.

ఒకరోజు తెలుగు టీచరుగారు చెయ్యెత్తి, ఆకుపచ్చ గాజులు గలగలలాడించి, "వీటిని చూసుకోవడానికి నాకు అద్దం కావాలా?" అని అడిగారు. ఆ రోజు పాఠం "ముంజేతి కంకణానికి అద్దమెందుకు" అన్న సామెత. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "మా వీధిలో కైప్పుణ్ణుక్కు కణ్ణాడి ఎదుక్కు అంటారండీ" అన్నాడు. చేతి మీది పుండుకు అద్దమెందుకని తమిళ సామెత. టీచరుగారు మురిసిపోయారు. "మనకు గాజు, వాళ్లకు పుండు. ఏదైనా చేతి మీదే ఉంది, చూశారా? ముఖానికైతే అద్దం కావాలి" అన్నారు.

ఆ వారమే మాతృభాష మీద వ్యాసం. "మద్రాసులో తెలుగు వెలుగు ముంజేతి కంకణమే" అని రాసి ఊరుకున్నాను. పక్కన ఎర్ర సిరాతో, "నాకు కనిపించలేదు. చూపించు" అని ఉంది. అర్థంకాక వెళ్లి అడిగాను.

"నీ చేతి కంకణం నీకు కనిపిస్తుంది నాయనా. నాకు కనిపించాలంటే నువ్వు చెయ్యి చాపాలి కదా!"

"నిప్పు లేనిదే పొగ రాదు కూడా ఇలాంటిదేనా అండీ?" అన్నాను. కాదన్నారు. గాజును కళ్లారా చూస్తాం, అది ప్రత్యక్షం. పొగను బట్టి నిప్పును ఊహిస్తాం, తర్కంలో దాన్ని అనుమానం అంటారట. "భోగి నాడు తెల్లవారుజామున మన వీధి చూశావుగా. ఏది పొగో ఏది మంచో తెలుస్తుందా? ముందు అది పొగేనని తేల్చుకోవాలి" అన్నారు. ఎవరిమీదైనా పుకారు పుట్టగానే ఈ సామెత వాడేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఒక మనిషి పరువు తీయడానికి సామెత సాక్ష్యం కాదు.

ఇప్పుడు నాది లెక్కల తనిఖీ పని. "ఇది అందరికీ తెలిసిందేనండీ" అని ఎవరన్నా రసీదు అడుగుతాను.

ఆ వ్యాసం మళ్లీ రాశాను. కొత్వాల్ చావిడిలో వంకాయలమ్మే తమిళ అవ్వ మా అమ్మ కోసం "ఒకటి, రెండు" అని తెలుగులో లెక్కపెట్టి సంచిలో వేసిన సంగతి రాశాను. ఈసారి పక్కన మాటలేవీ లేవు. ఎర్ర సిరాతో చిన్న గాజు బొమ్మ గీసి ఉంది.